కుడితి గోలెం పోయింది, డబ్బా ఇంకా కుదరలేదు

బియ్యం కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నారని అడిగితే ఇప్పుడు ఎవరైనా వింతగా చూస్తారు. సింకులో, ఇంకెక్కడ? కానీ గోదావరి డెల్టాలో వంటింటి చెత్త సంగతి అర్థం కావాలంటే ఆ నీళ్ల దగ్గరే మొదలుపెట్టాలి. ఒక తరం కిందటి దాకా ఇక్కడ పాడి ఉన్న ఇంటి పెరట్లో ఒక కుడితి గోలెం ఉండేది, రాతిదో సిమెంటుదో, అంచులు నున్నగా అరిగిపోయి, చుట్టూ ఎప్పుడూ నాలుగు ఈగలు ముసురుతూ. బియ్యం కడుగు, గంజి, కూరగాయల తొక్కలు, మరీ పులిసిపోయిన మజ్జిగ, గిన్నె అడుగున మిగిలిన మెతుకులు అన్నీ అందులోకే. సాయంత్రం దాంట్లో రెండు గుప్పెళ్ల తవుడు కలిపితే గేదె మూతి ముంచి అడుగు దాకా లాగేసేది. పాడి లేని ఇంటివాళ్లు పక్కింటి గోలెంలో పోసొచ్చేవారు, దానికి బదులన్నట్టు అప్పుడప్పుడూ ఆ ఇంటి నుంచి చెంబుడు మజ్జిగ వచ్చేది.

ఇదంతా తీపి జ్ఞాపకంలా చెప్పుకుంటే అసలు విషయం చేజారిపోతుంది. కుడితి గోలెం ఒక ఏర్పాటు, దానికి గట్టి కట్టుబాట్లుండేవి. సబ్బు నీళ్లు పడకూడదు, చేప కడిగిన నీళ్లు పడకూడదు, పొరపాటున గుండుసూదో తీగముక్కో పడితే ఇంట్లో ఆ రోజు పెద్ద రాద్ధాంతమే. ఎందుకంటే తేడా చేస్తే గేదె మూతి పెట్టదు, పెడితే జబ్బు చేస్తుంది, ఎటు చూసినా పాలు తగ్గుతాయి. అంటే చెత్త సరిగ్గా వేరు చేశారా లేదా అని పూటపూటకీ చూసే ఇన్‌స్పెక్టరు ఇంట్లోనే, గాటికి కట్టేసి ఉండేదన్నమాట. గేదె తినని బూడిద, ఊడ్చిన చెత్త, పేడ పెంటపోగు మీదకి పోయేవి, ఎండాకాలంలో బండ్ల మీద పొలానికి చేరేవి. చేప పొట్టల సంగతి పిల్లులూ కాకులూ చూసుకునేవి.

ఆ గేదె వెళ్లిపోయింది. అమలాపురంలోనో భీమవరంలోనో ఫ్లాటులో ఉండేవాళ్లకి లేకపోవడం సరే, చుట్టుపక్కల పల్లెల్లోనూ పొద్దున్నే పాల ప్యాకెట్ కత్తిరించే ఇళ్లు తక్కువేం లేవు. తినే తిండి అదే, మిగిలే తొక్కలూ అవే, వరస చివర వాటిని తినే నోరు ఒక్కటి మాయమైంది. ఆ చోట్లోకి ముడేసిన క్యారీబ్యాగు వచ్చి కూర్చుంది.

దాంట్లో ఎంత పోతోందో చెప్పడానికి ఒక అంచనా ఉంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన ఆహార వృథా సూచీ నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం మొత్తమ్మీద 105 కోట్ల టన్నుల ఆహారం చెత్తలో కలిసింది, అందులో 60 శాతం ఇళ్ల నుంచి వచ్చిందే. మన దేశంలో ఇళ్లలో వృథా అయ్యేది మనిషికి ఏడాదికి 55 కిలోలని ఆ నివేదిక లెక్క. నలుగురున్న ఇంటికి 220 కిలోలు, రోజుకి సుమారు 600 గ్రాములు. కాకపోతే ఈ 600 గ్రాముల్లో ఎవరూ తినని తొక్కలు, ముళ్లు, టెంకలు కూడా కలిసే ఉన్నాయి. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది కానీ ఇంట్లో కంపోస్టు చేసుకుంటే ఆహార వృథా తగ్గుతుంది అనే మాట ఎంతవరకూ నిజమో దీని మీదే ఆధారపడి ఉంది. దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

ఏప్రిల్‌లో బయటపడే కాలువ

డెల్టాలో చెత్త ఎక్కడికి పోతుందో చూడాలంటే కాలువలు కట్టేసిన రోజుల్లో గట్టు మీద నడవాలి. ఏడాదిలో ఎక్కువ భాగం నిండుగా పారే కాలువ వేసవిలో మరమ్మతుల కోసం కట్టేశాక అడుగు బయటపెడుతుంది: బురదలో కూరుకుపోయిన కవర్లు, వాటి ముడులు ఇంకా విడిపోలేదు, ఒక్కోదాని లోపల ఏదో నల్లగా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలే డెల్టాని అన్నపూర్ణ చేశాయి, ఆ మాట ఇక్కడ పుట్టినవాళ్లందరూ గర్వంగానే చెప్పుకుంటారు. అదే కాలువ నీళ్లతోనే ఊళ్లలో మంచినీటి చెరువులు నింపుతారు కూడా. పైవాడు ముడేసి విసిరిన కవరు కిందివాడి తాగునీళ్ల దారిలోనే ఉంటుంది, ఆ కిందివాడు తన కవరుని ఇంకా కిందికి పంపుతాడు.

బండికే ఇచ్చేస్తున్నాం కదా అనేవాళ్లూ ఉన్నారు, అది కాలువలో వేయడం కంటే వంద రెట్లు నయం. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త, ఇళ్లలోని ప్రమాదకర చెత్త వేరువేరుగా ఇవ్వాలన్నాయి. 2021లో రాష్ట్రంలో మూడు రంగుల బుట్టలు వచ్చాయి, వాటితోపాటు నెలనెలా కట్టాల్సిన రుసుమూ వచ్చింది, జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టి తిట్టుకున్నారు, 2024లో అది రద్దయింది. బుట్టల్లో కొన్ని ఇప్పుడు బియ్యం పోసుకోవడానికి, నీళ్లు పట్టుకోవడానికి పనికొస్తున్నాయి. ఎవరి తప్పు ఎంత అన్నది ఇక్కడ తేల్చే పని పెట్టుకోవద్దు. ఒక్క సంగతి మాత్రం: తడి చెత్త పొడి చెత్తతో కలిసి గుట్టగా పడితే లోపల గాలి ఆడదు, గాలి ఆడని చోట కుళ్లితే మీథేన్ పుడుతుంది, వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. పైగా తడి తగిలిన అట్టముక్క, ప్లాస్టిక్కు ఏరుకునేవాళ్లకి కూడా పనికిరావు. వంటింట్లోంచి వచ్చే చెత్తలో ముప్పాతిక వంతు నీళ్లే, ఆ నీళ్లని బండి ఎక్కించి ఊరవతలకి మోయించడానికి డీజిల్ తగలేస్తున్నాం.

అందుకే ఇంట్లోనే ఒక మూల డబ్బా పెట్టుకోండి అనే సలహా తప్పేం కాదు. తప్పు ఆ సలహా వచ్చే తీరులో ఉంది.

చారెడు పొట్టు చాలదు

ఆన్‌లైన్‌లో కనిపించే చాలా వీడియోల్లో పద్ధతి ఒకటే. చిల్లులు పెట్టిన బకెట్, అడుగున కొంచెం ఎండుటాకులు, రోజూ వంటింటి తొక్కలు, పైన చారెడు కొబ్బరి పొట్టు, రెండు నెలల్లో నల్లబంగారం. అనంతపురం ఎండలో ఇది చక్కగా పనిచేస్తుంది. అదే చారెడు పొట్టు ఆషాఢమాసంలో అమలాపురంలో వేస్తే మూడో వారానికి బకెట్ అడుగున చిక్కటి నల్లనీళ్లు, మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన, ఇంట్లోవాళ్ల మొహాలు. నాలుగో వారానికి బకెట్ డాబా మీదకి పోతుంది, ఆరో వారానికి చెత్త బండి ఎక్కుతుంది. ఆ తర్వాత ఎవరైనా కంపోస్టు మాటెత్తితే, చూశాంలే అంటారు.

డెల్టాలో డబ్బా చెడిపోవడానికి ప్రధాన కారణం తడి. ఏడాదికి 1100 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన, సముద్రం పక్కనే ఉండటంతో గాల్లో ఎప్పుడూ ఉక్క, ఆరేసిన బట్టలే రెండ్రోజులు ఆరని చోట బకెట్‌లో తొక్కలు ఎలా ఆరతాయి? పెరట్లో గుంత తవ్వి వేసుకోండి అనే సలహా కూడా పల్లపు ఊళ్లలో చెల్లదు. నేల జిగట ఒండ్రు, నీటిమట్టం పైపైనే, జులైలో రెండడుగులు తవ్వితే గుంతలో నీళ్లు ఊరతాయి, అందులో వేసిన చెత్త ఎరువు అవదు, ఊరబెట్టిన బురద అవుతుంది. ఇంటి లోపలో వరండాలోనో చూరు కింద డబ్బా పెట్టుకోవడం ఫ్లాటు వాళ్ల ముచ్చట అనుకుంటారు గానీ, ఇక్కడ పెరడున్న ఇంటికీ వానాకాలంలో అదే దారి.

లోపల జరిగేది ఏమిటంటే, తొక్కల్ని తినేవి సూక్ష్మజీవులు, వాటికి గాలి కావాలి, తేమ కావాలి, తిండిలో కార్బన్, నైట్రోజన్ ఒక పాళ్లలో కావాలి. నైట్రోజన్ ఒక వంతుకి కార్బన్ 25 నుంచి 30 వంతులుంటే వాటి పని జోరుగా సాగుతుంది. వంటింటి పచ్చి చెత్తలో ఈ పాళ్లు 15, 20 దగ్గర ఉంటాయి, అంటే కార్బన్ తక్కువ. ఎండుటాకులు, అట్టముక్కలు, పొట్టు కలపమనేది అందుకే. ఇక తేమ సగం నుంచి 60 శాతం దాకా ఉండాలి. దీన్ని కొలవడానికి మీటరు అక్కర్లేదు, గుప్పెడు తీసి గట్టిగా పిండితే చెయ్యి తడవాలి గానీ నీళ్లు కారకూడదు, ఒకటి రెండు చుక్కలు రాలితే ఫరవాలేదు. ధార కట్టిందంటే సూక్ష్మజీవులకి గాలి అందడం లేదు, గాలి అక్కర్లేని వేరే జాతి రాజ్యమేలుతోంది, ఆ కుళ్లిన గుడ్డు వాసన వాళ్లదే.

అదృష్టం ఏమిటంటే తడిని పీల్చే సరుకు డెల్టాలో దొరికినంత తేలిగ్గా చాలా చోట్ల దొరకదు. కోనసీమలో కొబ్బరి డొక్కల నుంచి పీచు తీశాక రాలే పొట్టు గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది. ఇదే ఇటుకలా నొక్కి కోకోపీట్ అని పేరు పెట్టి అమ్మితే ఆన్‌లైన్‌లో కిలోల లెక్కన కొనుక్కుంటున్నాం. కొబ్బరి పొట్టు తన బరువుకి ఏడెనిమిది రెట్ల నీళ్లు పీల్చి పట్టుకుంటుంది, దాని కార్బన్ పాళ్లు వందకు పైనే, పైగా అంత తొందరగా కుళ్లదు. తడి చెత్తకి ఇంతకంటే మంచి జోడీ దొరకదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. పచ్చి పొట్టులో ఉప్పు శాతం ఎక్కువ, అందుకని తయారైన ఎరువుని లేత మొక్కల కుండీల్లో ఒంటిగా నింపేయకూడదు, మట్టితో కలపాలి. లేదంటే పొట్టునే ముందుగా ఒకసారి మంచినీళ్లలో నానబెట్టి పిండి, ఎండలో ఆరేసుకుని దాచుకోవాలి.

ఊక సంగతి వేరు. రైసు మిల్లుల ఊళ్లు కాబట్టి ఊక ఉచితంగానో, నామమాత్రం ధరకో దొరుకుతుంది, దాంతో చాలామంది పొట్టు బదులు ఊక వేసేస్తారు. ఊకలో సిలికా ఎక్కువ, గింజని కాపాడటానికే పుట్టిన కవచం అది, నీళ్లు పీల్చదు, ఏడాది గడిచినా ఊక ఊకలాగే ఉంటుంది. కాకపోతే తొక్కలు ఒకదానికొకటి అతుక్కుపోకుండా మధ్యలో గాలి సందులు నిలబెడుతుంది. నీళ్లకి పొట్టు, గాలికి ఊక అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుంది, మూడు దోసిళ్ల పొట్టుకి ఒక దోసెడు ఊక. తవుడు మాత్రం ఈ డబ్బాలో వేయకూడదు, అది గేదెకి ఎంత రుచో ఈగలకీ అంతే రుచి.

ఇంతకీ ఎంత వేయాలి? చారెడు అనే మాట మర్చిపోయి, తొక్కలు ఎంత గిన్నెడు ఉంటే పొట్టు అంత గిన్నెడు, వానాకాలంలో గిన్నెన్నర. ఇది చూడ్డానికి అతిగా అనిపిస్తుంది, బకెట్ తొందరగా నిండిపోతుందని భయమేస్తుంది, కానీ తొక్కల్లోని నీరు వెళ్లిపోయాక మొత్తం కుంగిపోతుంది, పొద్దున నిండినట్టున్న బకెట్ వారం తర్వాత వేలెడు కిందికి దిగి ఉంటుంది. గోడలకి రంగు వేయించినప్పుడు మిగిలే 20 లీటర్ల పెయింట్ బకెట్లు దీనికి భేషుగ్గా సరిపోతాయి. చుట్టూ, అడుగున కాల్చిన మేకుతో చిల్లులు పెట్టి కింద పాత పళ్లెం ఉంచాలి. నలుగురున్న ఇంట్లో ఒకటి నిండటానికి మూడు నాలుగు వారాలు, నిండాక దాన్ని పక్కన పెట్టి వారానికోసారి తిరగేస్తూ ఇంకో రెండు నెలలు వదిలేయాలి, కాబట్టి మూడు నాలుగు బకెట్లుంటే వరస తిరుగుతుంది. ఒక్క బకెట్‌తో మొదలుపెట్టినవాళ్లు రెండో నెలలో ఆగిపోవడానికి వాసన ఒక్కటే కారణం కాదు, వేయడానికి చోటు లేక ఆగిపోయినవాళ్లూ ఉన్నారు.

తొక్కల్ని చిన్న ముక్కలు చేస్తే తొందరగా కుళ్లుతాయి. అంతమాత్రాన మిక్సీలో వేసి ముద్ద చేయకూడదు, ముద్దలో గాలి సందు ఉండదు. మొదట్లో కొంచెం పాత ఎరువో, ఎండిన పేడ పొడో వేస్తే చాలు, సీసాల్లో అమ్మే పొడులు వేయకపోతే నష్టమేమీ లేదు.

తర్వాత ముక్కుని నమ్ముకోవాలి. కుళ్లిన గుడ్డు వాసన అంటే గాలి లేదు, తిరగేసి పొట్టు కలపాలి. ఘాటుగా మూత్రం వాసన కొడితే నైట్రోజన్ ఎక్కువై అమ్మోనియాగా పోతోంది, మందు మళ్లీ పొట్టే. పులిసిన కల్లు వాసన వస్తోందంటే ఎవరో అన్నం ఎక్కువ వేశారు. అన్నీ కుదిరిన డబ్బాలోంచి తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసన వస్తుంది, అది ఊరికే పోలిక కాదు, రెండు చోట్లా ఆ వాసన ఇచ్చే పదార్థం ఒకటే, మట్టిలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా దాన్ని తయారు చేస్తుంది.

ఇక పురుగులు. చిన్న పండు ఈగలు రాకుండా ప్రతిసారీ పైన వేలెడు మందాన పొట్టు కప్పితే చాలావరకు అదుపులో ఉంటాయి. కానీ డెల్టా వేడిలో ఏదో ఒక రోజు మూత తీసేసరికి లావుపాటి, బూడిదరంగు పురుగులు గంపెడు మెసులుతూ కనిపిస్తాయి, చాలా ఇళ్లలో డబ్బాకి ఆ రోజే ఆఖరి రోజు. అవి నల్ల సైనిక ఈగ పిల్లపురుగులు. ఇంటి ఈగలా ఆ ఈగ అన్నం మీద వాలదు, రెక్కలొచ్చాక అది దాదాపు ఏమీ తినదు, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పిల్లపురుగులు మాత్రం నాలుగు వారాల పనిని నాలుగు రోజుల్లో ముగిస్తాయి. అసహ్యం వేస్తే వెయ్యనీ గానీ, పారబోయనక్కర్లేదు. కోళ్లున్న ఇంట్లో ఐతే వాటికి ఆ రోజు పండగ.

వానపాముల గురించి కూడా అడుగుతుంటారు. వర్మీకంపోస్టు మంచిదే, కాకపోతే ఎక్కువగా అమ్మే ఎర్ర వానపాముకి 35 డిగ్రీలు దాటితే బతుకు కష్టం, రాజమహేంద్రవరం మే నెలలో 40 దాటడం మామూలు. వేడిని కొంచెం ఎక్కువ తట్టుకునే ఆఫ్రికా జాతి ఉంది, అయినా తడి, వేడి రెండూ చూసుకోవాల్సిన జీవాల్ని మొదటి ఏడాదే తలకెత్తుకోకపోవడం మంచిది.

చేపల మాటెత్తకుండా డెల్టాలో చెత్త గురించి రాయడం కుదరదు. బకెట్ కంపోస్టులో చేప ముళ్లు, రొయ్య తలకాయలు వేయకూడదు, చిన్న బకెట్ కాస్త వేడెక్కుతుంది గానీ రోగక్రిముల్ని చంపే 55 డిగ్రీల పైన నిలబడదు, దానికి కనీసం మీటరు పొడుగు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు పోగుండాలి. టమాటా గింజలు చావకుండా ఆ ఎరువేసిన ప్రతి కుండీలో నారుపోసినట్టు మొలవడం కూడా అందుకే. అన్నిటికంటే తేలిక ఉపాయం చేపల మార్కెట్లోనే శుభ్రం చేయించుకుని రావడం. ఇంట్లో కోసుకునేవాళ్లకి కొబ్బరి చెట్టు పాదులో అడుగు లోతున పూడ్చడం ఉంది, వానాకాలంలో కాదు. ఏదీ కుదరని ఫ్లాటులో బొకాషి ఉంది.

బొకాషి పేరు జపాన్‌ది, పని మనకి కొత్తది కాదు. గాలి చొరని డబ్బాలో తిండి చెత్తని పొరలుగా నొక్కి, సూక్ష్మజీవుల్ని పట్టించిన తవుడు చల్లి, మూత బిగించేస్తారు. లోపల పులుస్తుంది, కుళ్లదు. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడం, తరవాణి కుండలో అన్నం పుల్లబడటం ఏ జాతి సూక్ష్మజీవుల పనో ఇదీ ఆ జాతి పనే, ఆ పులుపుకి చెడ్డ క్రిములు నిలవలేవు. రెండు మూడు రోజులకోసారి అడుగున కుళాయిలోంచి ఊట తీసేయాలి, రెండు వారాలయ్యాక ఆ చెత్తని మట్టి టబ్బులో కలిపి మూడు నాలుగు వారాలు ఉంచితే నేలలో కలిసిపోతుంది. అన్నం, కూర, చేప, మాంసం అన్నీ దీంట్లో పోతాయి. మట్టి కావాలి, అదొక్కటే ఇబ్బంది. తవుడు గేదె గోలెంలోంచి వెళ్లిపోయి జపాన్ పేరు పెట్టుకుని మళ్లీ వంటింట్లోకి వచ్చిందని నవ్వుకోవచ్చు.

తయారైన ఎరువు ఏం చేసుకోవాలన్నది చిన్న సమస్య. రోజుకి అరకిలో చొప్పున నెలకి 15 కిలోల తొక్కలు వేస్తే చివరికి మిగిలేది మూడు నాలుగు కిలోలు, పొట్టుతో కలిపి కొంచెం ఎక్కువ. ఒక కరివేపాకు మొక్క, రెండు బంతి కుండీలు, ఒక మల్లె చాలు. కడియం నర్సరీల పక్కన ఉంటూ ఇంట్లో నాలుగు కుండీలు లేని ఇల్లు అరుదే.

తొక్క వేరు, మెతుకు వేరు

ఇప్పుడు ఆ 600 గ్రాముల దగ్గరికి. డబ్బాలో పడే బీరతొక్క, కోడిగుడ్డు పెంకు, టీ పిప్పి ఎలాగూ వచ్చేవే, వాటిని ఎరువు చేయడం లాభం. కానీ అదే డబ్బాలో నిన్నటి పప్పు, పొద్దుటి ఉప్మా, పిల్లాడి లంచ్ బాక్సులో సగం తిన్న అన్నం పడుతుంటే అక్కడ తగ్గింది చెత్త మాత్రమే, వృథా అంతే ఉంది. ఇంకా చెప్పాలంటే పెరిగే ప్రమాదం ఉంది. పారేయడానికి చెయ్యి రాని మనిషికి, ఎరువే కదా అవుతోంది అనే సర్దుబాటు దొరుకుతుంది. కంపోస్టు గురించి మెచ్చుకుంటూ రాసేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు.

లెక్క కట్టి చూద్దాం. రాత్రి భోజనాలయ్యాక ఒక చిన్న గిన్నెడు, 150 గ్రాముల అన్నం రోజూ మిగిలిపోయి పారేస్తున్నారనుకుంటే, ఏడాదికి దాదాపు 55 కిలోల అన్నం. కిలో బియ్యం వండితే రెండున్నర నుంచి మూడు కిలోల అన్నం అవుతుంది కాబట్టి, అది 20 కిలోల బియ్యం, 25 కిలోల బస్తాకి కొంచెం తక్కువ. ఆ బియ్యం ఆడించడానికి 30 కిలోల ధాన్యం కావాలి. కిలో ధాన్యానికి వాన నీటితో కలిపి చేలో పెట్టే నీరు సగటున 2500 లీటర్లంటారు, అంటే 75,000 లీటర్ల నీళ్లు. డెల్టాలో చివరి భూములకి నీరందక శివారు రైతులు వంతులు వేసుకుని రాత్రిళ్లు గట్ల మీద కాపలా కాసే రోజులు ప్రతి దాళ్వాలో, అంటే రెండో పంటలో, వస్తాయి. ఆ అన్నం మళ్లీ ఎంత మంచి ఎరువైనా అందులోంచి తిరిగొచ్చేది కాసింత నైట్రోజన్, కాసింత పొటాషు, అంతే.

ఎందుకు మిగులుతోంది? ఒక కారణం మర్యాద. గోదావరి జిల్లాల్లో అన్నం సరిగ్గా సరిపోవడం అంటే లోటు జరిగినట్టే లెక్క, ఎవరైనా అనుకోకుండా వస్తారేమో అని ఒక గ్లాసు ఎక్కువే పోస్తారు. సంక్రాంతికి కొత్తల్లుడి ముందు వందల రకాలు పేర్చి ఫోటో తీసి పంపే సరదా వార్తల్లోకి కూడా ఎక్కింది, ఆ అల్లుడు ఎన్ని తిన్నాడో, మిగతావి ఏమయ్యాయో ఏ వార్తలోనూ రాయరు. రెండో కారణం కర్రీ పాయింట్. పొద్దున్న వండిన కూర ఫ్రిజ్‌లో ఉండగానే సాయంత్రం వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ సాంబారు, ఒక ప్యాకెట్ వేపుడు పట్టుకొస్తారు, మూడో రోజుకి ఫ్రిజ్‌లో అయిదు గిన్నెలు. ఇక అనుకోకుండా వచ్చే చుట్టాలు ఇప్పుడు ముందే ఫోన్ చేసి వస్తున్నారు, గ్లాసు మాత్రం పాతదే.

ఇక్కడే డబ్బా అసలు పనికొచ్చేది. చెత్త కవరు ముడేస్తే లోపలేముందో ఎవరికీ కనిపించదు, డబ్బా రోజూ మూత తీసి చూడాలి. మెతుకుల్ని డబ్బాలో వేసే ముందు విడిగా ఒక స్టీలు గిన్నెలో వేసి వారం రోజులు చూస్తే ఏ పూట, ఏ వంట, ఎవరి కంచంలో మిగులుతోందో తెలిసిపోతుంది. సోమవారం రాత్రిళ్లు ఉపవాసం ఉండే ఇంట్లో కూడా కుక్కర్ కొలత మారడం లేదని, పిల్లలు బాక్సులో పెట్టిన దొండకాయ కూర ఒక్కటీ ముట్టుకోవడం లేదని అప్పుడు గానీ బయటపడదు. ఒక పావుగ్లాసు బియ్యం తగ్గిస్తే ఆ గిన్నె ఖాళీ అవుతుంది, ఎరువు తగ్గుతుంది, అది మంచిదే.

మిగిలినదాన్ని తినే దారులు ఇక్కడ కొదవేం లేవు. చద్దన్నం, పులిహోర, ఎండల్లో అన్నం వడియాలు. అన్నం మాత్రం వండిన గిన్నెలో గంటలకొద్దీ గోరువెచ్చగా వదిలేయకూడదు, అందులో ఉడికినా చావని బీజాలుండే ఒక బ్యాక్టీరియా ఆ వెచ్చదనంలో పెరిగి వాంతులు పట్టిస్తుంది, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా పాత పద్ధతిలో రాత్రే నీళ్లు, మజ్జిగ పోసి పులవనివ్వాలి. తొక్కలు కూడా అన్నీ డబ్బాకే పోనక్కర్లేదు. బీరతొక్కు పచ్చడి, ఆనపకాయ తొక్కు వేపుడు, అరటి దూట పెరుగుపచ్చడి, అరటిపువ్వు కూర, పనసపొట్టు కూర, వీటన్నిటినీ ఇప్పుడు సంప్రదాయ వంటలని మెనూలో వేసి ఎక్కువ రేటుకి అమ్ముతున్నారు. చెట్టులో దేన్నీ పారేయకుండా వండుకున్నవాళ్లకి చెత్త గురించి పాఠాలు చెప్పడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది.

చెప్పుకోవాల్సింది ఇంకొకటి ఉంది, ఎవరు చేస్తారు అన్నది. రోజుకి అయిదు నిమిషాల పనే అంటారు. ముక్కలు చేయడం, పొట్టు వేయడం, పళ్లెంలో ఊట పారబోయడం, వారానికోసారి తిరగేయడం, పొట్టు బస్తా తెప్పించడం, ఇవన్నీ కలిపితే ఆ అయిదు నిమిషాలు ఎక్కడా సరిపోవు, ఆ పని వచ్చి పడేది మళ్లీ వంట చేసే మనిషి మీదే. కుడితి గోలెం కూడా ఆడవాళ్ల పనే, ఆ మాటా ఒప్పుకోవాలి. కంచంలో వదిలేసే చెయ్యి, డబ్బా మూత తీసే చెయ్యి వేరు వేరు అయినన్నాళ్లూ ఆ స్టీలు గిన్నె నిండుతూనే ఉంటుంది. తిరగేసే పని, పొట్టు తెచ్చే పని ఇంట్లో మగవాళ్లకి అప్పగించిన చోట డబ్బా ఎక్కువకాలం నిలబడుతుంది, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు, అలసట పంచుకుంటే తగ్గుతుంది.

చివరిగా తుపాను రోజులు. అక్టోబరు, నవంబరు నెలల్లో ఒక్క తుపాను పట్టుకుంటే కరెంటు రెండు మూడు రోజులు రాదు, ఫ్రిజ్‌లో ఉన్న దోసె పిండి, పాలు, చేప ముక్కలు, అయిదు గిన్నెల కూరలు ఒకేసారి చెడతాయి, చెత్త బండి కూడా రాదు. ఇదంతా ఆత్రంగా ఒకే బకెట్‌లో కుమ్మరిస్తే అప్పటిదాకా బాగున్న ఎరువు కూడా రెండ్రోజుల్లో మురిగిపోతుంది. పాలు, పిండి డబ్బా జోలికి పోకూడదు. కూరల్లో నీళ్లు వంపేసి, పిడికెడు కూరకి రెండు పిడికెళ్ల పొట్టు చొప్పున కలిపి, ఖాళీ బకెట్‌లో విడిగా మూతపెట్టాలి, చేప ఉంటే బొకాషి డబ్బాలోకి. ఇది కుదరాలంటే పొట్టు పొడిగా ఉండాలి, తుపాను హెచ్చరిక వచ్చాక పొట్టు కోసం వెతికితే దొరికేది తడిసిన పొట్టే. మే నెల ఎండల్లో ఆవకాయ కారం దంచుకున్నప్పుడే ఒక బస్తా కొబ్బరి పొట్టు కూడా డాబా మీద ఎండబెట్టి, మూతి కట్టి, అటక మీద పడేస్తే దీపావళి దాటేదాకా ఢోకా ఉండదు.